కిటికీ లేని ఇంటికి కూలర్

పోయిన నెల ఆదెన్న చనిపోయాడు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, సొంత ఇంట్లో, సొంత మంచం మీద, నాలుగు రోజుల జ్వరంతో. మా వైపు ఆ కాలంలో పెద్దవాళ్ళ గొడవల మధ్యలోకి పోయిన మనిషికి ఇలాంటి చావు దక్కడం చిన్న విషయం కాదు. సంతాప సభకు రెండు పార్టీల వాళ్ళూ వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకొని ఆదెన్న మా మనిషి అన్నారు. ఒకాయన ఇంకాస్త ముందుకు పోయి, ఫ్యాక్షన్ మంటల మీద నీళ్ళు చల్లిన శాంతిమూర్తి అన్నాడు. వెనక కుర్చీలో కూర్చున్న నాకు ఒళ్ళు మండింది. ఆదెన్న ఎవరి మనిషీ కాదు. ఎవరి మనిషీ కాకుండా బతకడానికి అతను పడిన పాట్లు నేను కళ్ళారా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు అబ్దుల్ సత్తార్. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద బోర్డులు రాసేవాణ్ణి. ఎన్నికలొస్తే ఈ గోడకు ఒక పార్టీ గుర్తు, ఎదురు గోడకు ఇంకో పార్టీ గుర్తు, రెండూ నా కుంచెతోనే. కాబట్టి నిజాయితీ గురించి నేను ఎవరికీ పాఠాలు చెప్పను. నా కొట్టుకు ఆనుకొని ఉన్న రేకుల షెడ్డు ఆదెన్నది. అందులో అతను కూలర్లు చేసేవాడు. రేకు పెట్టె, మూడు పక్కలా గడ్డి తడికలు, అడుగున నీళ్ళ తొట్టి, నీళ్ళను పైకి ఎక్కించే చిన్న మోటారు, ముందర ఫ్యాను. ఇంతే సామాను. దీని మీద అతనికున్న భక్తి మాత్రం ఇంతింత కాదు.

ఆదెన్నది తొండూరు దగ్గర గొర్రెలు మేపే కుటుంబం. వరసగా మూడేళ్ళు వానలు లేక మంద కరిగిపోతే, భార్య పోలమ్మను తీసుకొని ప్రొద్దుటూరు చేరాడు. మొదట మగ్గాల వీధిలో కూలిపని దొరికింది. అక్కడ నేతగాళ్ళు ఎండాకాలంలో మగ్గం గుంత చుట్టూ గంటకోసారి నీళ్ళు చల్లుకోవడం చూశాడు. ఎందుకని అడిగితే, గాలి ఎండిపోతే పోగు తెగుతుందని చెప్పారు. పత్తి పోగును తెంచే గాలి మనిషి ముక్కును మాత్రం ఊరికే వదులుతుందా అని ఆదెన్నకు తోచింది. ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్ళో పెదవులు పగలని మనిషి ఉండడు. పిల్లలకు ముక్కుల్లోంచి రక్తం కారుతుంది. ముసలివాళ్ళు పొడిదగ్గుతో పక్కవాళ్ళను కూడా పడుకోనివ్వరు. అందరూ దాన్ని వేడి అనుకుంటారు. ఆదెన్న మాత్రం అందులో సగమే వేడి, మిగతా సగం పొడి అనేవాడు.

అమ్ముకోవడం అతనికి చేతనయ్యేది కాదు. కూలర్ కావాలని వచ్చినవాడికి ముందు పాఠం చెప్పి, ఆ పాఠం నచ్చితేనే పెట్టె ఇచ్చేవాడు. కరెంటు లేని ఇంటికైతే అసలు కూలరే వద్దని, కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి దాని పైన చిల్లికుండ వేలాడదీసి వచ్చేవాడు. మా వీధి చివర పీరాంబీ అనే ముసలామెకు అట్లాగే కట్టి ఆమె దగ్గు తగ్గించాడు. అతని షరతులు మాత్రం అందరికీ ఒకటే. కూలర్ వీపు తెరిచిన కిటికీకి ఆనుకొని ఉండాలి. బయటి గాలి లోపలికి రావాలి, లోపలి గాలి ఇంకో తలుపు గుండా బయటికి పోవాలి. తొట్టిలో నీళ్ళు రెండు రోజులకొకసారి మార్చి తడికలు కడగాలి, లేకపోతే చేపల వాసన వస్తుంది, పోయిన దగ్గు మళ్ళీ వస్తుంది.

ఇక ఉప్పు. గదిలో ఒక మూల సాసర్లో గుప్పెడు రాళ్ళుప్పు పెట్టమనేవాడు. ఉప్పు పొడిగా ఉన్నంతకాలం దిగులు లేదు. ఉప్పు చెమర్చి నీరు కారుతోందంటే గాలికి తడి ఎక్కువైందని అర్థం. అప్పుడు మోటారు ఆపి తలుపులు, కిటికీలు తెరవాలి. తెరవకపోతే గోడలకు బూజు పడుతుంది, ఆ బూజు గాలి పీల్చినవాడికి పొడిగాలే నయమనిపిస్తుంది. కలమల్ల కరెంటు క్వార్టర్సులో ఉండే ఒక ఇంజినీరు ఈ సాసరు చూసి నవ్వి, గాలిలో తడిని కొలవడానికి మిషన్ ఉందయ్యా అన్నాడట. ఆ మిషన్ కిలో ఎంత పడుతుందని ఆదెన్న అడిగాడట.

ఇప్పుడు ఎర్రపరెడ్డి సంగతి. జమ్మలమడుగు అవతల ఒక ఊరు. పేరు రాయను. నాకింకా అక్కడ రాయాల్సిన గోడలున్నాయి. తొంభైల నడిమి కాలం అది. ఎర్రపరెడ్డిది ఒక పార్టీ. ఆయన బావమరిది, అంటే భార్య నిర్మలమ్మకు సొంత తమ్ముడు బాలతిమ్మారెడ్డిది ఇంకో పార్టీ. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళే. పార్టీ టికెట్ ఒకటే ఉండడంతో కంచాలు వేరయ్యాయి. ఇద్దరి సిద్ధాంతాలకూ తేడా ఏమిటని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే, ముందు ఆ అడిగినవాడు ఎవడి మనిషో రెండు వర్గాలూ ఆరా తీసేవి. తొమ్మిదేళ్ళలో రెండు వైపులా కలిపి ఏడుగురు పోయారు. నిర్మలమ్మ ఆ తొమ్మిదేళ్ళూ పుట్టింటి గడప తొక్కలేదు. ఆ గడప అదే ఊళ్ళో, అరమైలు దూరంలోనే ఉంది.

ఎర్రపరెడ్డి ఇంటికి ఒకప్పుడు కిటికీలుండేవి. వీధి వైపు కిటికీలోంచి ఒకసారి బాంబు పడ్డాక, అన్నిటికీ రాళ్ళు పేర్పించి సున్నం కొట్టించాడు. ఆయన పడుకునే నడిమి గదికి ఒకటే తలుపు, ఆ తలుపు ముందు ఇద్దరు మనుషులు. మార్చి వచ్చేసరికే ఆ గదిలో కూర్చుంటే రొట్టెల బట్టీలో కూర్చున్నట్టుండేది. గాలి ఎండి ఎండి ఒకరోజు మధ్యాహ్నం ఆయన ముక్కులోంచి రక్తం ధార కట్టింది. తెల్ల చొక్కా నిండా రక్తంతో రెడ్డి వరండాలోకి రాగానే, ఏమైందని అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. బాలతిమ్మారెడ్డి ఇంటి మీదికి మూడు జీపులు లేచాయి. ఆయన ముక్కు పట్టుకొని తల పైకెత్తి ఉన్నాడు, మాట్లాడే స్థితిలో లేడు. నిర్మలమ్మ ఒక మనిషిని మోటారు సైకిల్ మీద తరిమితే, అతను ఆ వీధి మొదట్లో జీపులకు అడ్డం పడి అది ఉత్త ముక్కు రక్తమని చెప్పాడు. చెప్పినా జీపుల్లోని వాళ్ళకు నిరాశగానే ఉందట, అంత దాకా వచ్చి ఊరికే తిరిగిపోవాలా అని.

ప్రొద్దుటూరు డాక్టరు చూసి, రోగమేమీ లేదు, గదిలో గాలి ఎండిపోయింది, కాస్త తడి పెట్టమన్నాడు. దాంతో రెడ్డి డ్రైవర్ బాషా వచ్చి ఆదెన్నను జీపెక్కమన్నాడు. పోలమ్మ వద్దంది. కిటికీలు మూసుకొని బతికే ఇళ్ళ జోలికి పోవద్దని, మన పని వాళ్ళకు నచ్చినా ముప్పే, నచ్చకపోయినా ముప్పే అని గట్టిగానే చెప్పింది. జీపు వచ్చి గుమ్మం ముందు ఆగాక పోను అనే మాట ఎట్లా వస్తుంది? గోడల మీద ఏం రాయాలో కనుక్కోవడానికి నేనూ అదే జీపులో పోయాను.

ఆదెన్న నడిమి గదంతా ఒకసారి తిరిగి చూశాడు.

"కిటికీ యాడుందన్నా?" అన్నాడు.

"ఆ రాళ్ళెనక ఉండాది," అన్నాడు బాషా.

"నాలుగు రాళ్ళు తీపించండి. బయటి గాలి రాకుంటే ఇది పని చెయ్యదు. ఉత్త తడి ఊరుతాది."

ఎర్రపరెడ్డి మంచం మీద నుంచి తల ఎత్తాడు. "కిటికీ తెరిస్తే గాలి ఒగటే వస్తాదా అప్పా?" అన్నాడు.

కిటికీ సంగతి ఎన్నికలయ్యాక చూద్దామని అక్కడున్న పెద్దలు తీర్మానించారు. మా వైపు చాలా పనులకు అదే ముహూర్తం. ఆదెన్న కూలర్‌ను గది లోపలే పెట్టి, సాసర్లో ఉప్పు పోసి, అది చెమరిస్తే ఏం చెయ్యాలో నిర్మలమ్మకు రెండుసార్లు చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, చెప్పినట్టు చెయ్యకపోతే ఏమవుతుందని అడిగింది. బట్టలు, కాగితాలు, అప్పడాలు, అగ్గిపెట్టెలు, ఇంట్లో ఉన్న ఏ పొడి సరుకైనా సరే తడిసి పాడైపోతుందని ఆదెన్న చెప్పాడు. ఏ పొడి సరుకైనానా అని ఆమె మళ్ళీ అడిగింది. ఏదైనా సరేనమ్మా అన్నాడు ఆదెన్న. ఆమె తల ఊపి వంటింట్లోకి పోయింది.

పది రోజుల్లో రెడ్డి ముక్కు మానింది. పెదవుల పగుళ్ళు పోయాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన మధ్యాహ్నం పూట గురక పెట్టి నిద్రపోయాడని బాషా ఊరంతా చాటాడు. ఇక ఆ కూలర్‌కు నీళ్ళు పోయడం ఒక పార్టీ కార్యక్రమమైంది. రెడ్డి కళ్ళెదుట బిందె ఎత్తి తొట్టిలో పోసినవాడే నమ్మకస్తుడు. వార్డు మెంబరు కావాలనుకున్నవాడు రోజుకు రెండు బిందెలు, సర్పంచు కావాలనుకున్నవాడు నాలుగు. తొట్టి నిండి నేల మీద పారుతున్నా ఒకడూ చెయ్యి ఆపలేదు. ప్రొద్దుటూరులో రోజుకు ఆరు గంటలు కరెంటు పోయేది గానీ, ఆ ఇంటికి పోయే తీగకు మాత్రం ఆ ఎండాకాలమంతా అలుపన్నది లేదు.

మే నెలకల్లా నడిమి గది గోడలు చెమర్చాయి. తలుపు ఉబ్బి, భుజం పెట్టి తోస్తే తప్ప కదిలేది కాదు. ఓటర్ల జాబితాలో సిరా కారి చచ్చినవాళ్ళూ బతికున్నవాళ్ళూ కలిసిపోయారు. అది ప్రతి ఎన్నికలకూ జరిగేదే కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. బీడీ వెలిగించాలంటే నాలుగు అగ్గిపుల్లలు పట్టేవి. చొక్కాలన్నీ ఒకటే బూజు వాసన. అయినా ఆ గదిలోకి వచ్చినవాడల్లా శానా హాయిగా ఉందన్నా అనే అన్నాడు. రెడ్డికి హాయిగా ఉన్న చోట ముక్కు చిట్లించే మొనగాడు ఎవడు? ఆదెన్న ఒకసారి వచ్చి చూసిపోతానని రెండుసార్లు కబురు పెట్టాడు. కూలర్ బ్రహ్మాండంగా ఉంది, రానక్కరలేదని జవాబొచ్చింది. తడి ఎక్కువైందేమోనని ఎవరైనా నసిగితే, నిర్మలమ్మ సాసరు చూపించేదట. ఉప్పు తెల్లగా, పొడిగా, కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టు ఉండేది.

జూన్‌లో పంచాయతీ ఎన్నికలు. పోలింగు రోజు పొద్దున పది గంటలప్పుడు బాలతిమ్మారెడ్డి జీపు బడి ముందరికి వచ్చింది. అందులో ఎనిమిది మంది. ముందు సీట్లో ఆయన కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. బడి ప్రహరీ వెనక నుంచి ఎర్రపరెడ్డి మనుషులు జీపు మీదికి ఐదు బాంబులు విసిరారు. ఆ రోజు కోసమే నడిమి గది అటక మీద బుట్టల్లో నెలల తరబడి భద్రంగా దాచినవి అవి. మొదటిది జీపు ముందు భాగాన పడి మట్టిగడ్డలాగా చిట్లింది. రెండోది క్యూలో ఉన్న ఒకాయన చెప్పుల దగ్గరికి దొర్లి ఆగింది. ఐదింటిలో ఒక్కటీ పేలలేదు. పారిపోవడం అలవాటైన జనం ఇప్పుడేం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు. విసిరినవాళ్ళు కూడా పరిగెత్తడం మరిచి గోడ మీద నుంచి తొంగి చూశారు. ఒక మేక వచ్చి చిట్లినదాన్ని వాసన చూసి, నచ్చక పక్కకు పోయింది. కాసేపటికి క్యూ మళ్ళీ కదిలింది.

పోలీసులు వస్తే ఎర్రపరెడ్డి, ఆ బాంబులు మావి కావు, సానుభూతి కోసం వాళ్ళ మీద వాళ్ళే వేయించుకున్నారు అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. పోలీసులు పోయాక అసలు విచారణ మొదలైంది. అటక ఎక్కి బుట్టలో చెయ్యి పెట్టినవాడు, తడి చెయ్యి కిందికి చాపి అందరికీ చూపించాడు. అటక కింద ఏముంది? కూలర్. కూలర్ ఎవడు పెట్టాడు? ఆదెన్న. ఆదెన్నను ఎవడు పంపాడు? బాలతిమ్మారెడ్డి. మూడు ప్రశ్నల్లో కేసు తేలిపోయింది. మూడు నెలల పాటు పోటీలు పడి బిందెలు ఎత్తి పోసినవాళ్ళే అందరికన్నా గట్టిగా అరిచారు.

ఇది చాలదన్నట్టు బాలతిమ్మారెడ్డి ఇంకో పని చేశాడు. ఆయనకు ఆదెన్న ఎవరో కూడా తెలియదు. కానీ శత్రువు ఇంట్లో తనకొక మనిషి ఉన్నాడని ఊరు అనుకుంటుంటే, కాదనడానికి ఆయనేమైనా పిచ్చివాడా? మర్నాడే మా రోడ్డుకు ఒక మనిషిని పూలదండతో, శాలువాతో పంపాడు. ప్రాణదాత ఆదెన్న గారికి సన్మానం అని బోర్డు రాయమని నాకు పురమాయించాడు. నేను ప్రాణదా వరకు రాసి, కడుపునొప్పి అని పడుకున్నాను. ఆదెన్న షెడ్డులో సగం చేసిన రేకు పెట్టెలో దూరి కూర్చొని, దండ తెచ్చినవాడు పోయేదాకా బయటికి రాలేదు. వాడు దండను షెడ్డు కొక్కేనికి తగిలించి పోయాడు. దాన్ని తీసి పారేసేలోపే ఎర్రపరెడ్డి వైపు వాళ్ళు ఆ దారిన పోతూ చూశారు.

మరుసటి రోజు పొద్దున్నే జీపు వచ్చింది. ఈసారి బాషా మర్యాదగా ఎక్కమనలేదు. పోలమ్మ ఏడవలేదు. మొగుడి తువ్వాలు సరిచేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి తిరిగి రమ్మంది. తర్వాత నా వైపు తిరిగి, "సత్తారన్నా, నువ్వు గూడా పో. ఆయప్పను ఒక్కణ్ణే పంపను," అంది. నాకు పోవాలని ఏ కోశానా లేదు. ఆమె ముఖం చూసి జీపెక్కాను. దారంతా నేను నాకు తెలిసిన దువాలన్నీ చదువుకున్నాను.

నడిమి గదిలో ఇరవై మంది ఉన్నారు. రెడ్డి మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఇంత జరిగినా కూలర్ మాత్రం ఆపలేదు, చల్లగా ఆయన ముఖం మీదికి వీస్తూనే ఉంది. ఆయన సాసరు తెప్పించి ఆదెన్న ముందు పెట్టించాడు.

"ఉప్పు చెమరిస్తే నీళ్ళు ఆపమన్నావు. చూడు, ఈ పొద్దు గూడా పొడిగానే ఉండాది. నీ ఉప్పును నమ్మి మేము మునిగినాం. ఎవురు చెప్పమంటే చెప్పినావు ఈ మాట?"

ఆదెన్న ఉప్పును వేళ్ళతో నలిపి చూశాడు. తర్వాత పక్కనున్న గోడ మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి తడిసి వచ్చింది. అప్పుడు అతని ముఖం మారడం నేను చూశాను. గోడ నీరు కారే గదిలో ఉప్పు ఒక పూట కూడా పొడిగా ఉండదు. ఎవరో రోజూ పాత ఉప్పు పారేసి కొత్త ఉప్పు పోస్తున్నారు. ఆ ఒక్క మాట అంటే అతను బయటపడతాడు. అంటే మాత్రం, ఉప్పు మార్చింది ఎవరని ఇరవై మందీ వెతుకుతారు. ఉప్పు ఉండేది వంటింట్లో. వంటింటి గడపలో నిర్మలమ్మ నిలబడి ఉంది. చీర కొంగు చేతికి చుట్టుకొని, ఆదెన్న నోటి వైపే చూస్తోంది.

"నాదే తప్పన్నా," అన్నాడు ఆదెన్న. "మూసిన గదిలో ఉప్పు లెక్క నిలవదు. అది తెలీక చెప్పినా. నన్ను ఎవురూ పంపలేదు."

మనుషులు లేచారు. బాషా చెయ్యి ఆదెన్న మెడ మీద పడింది. ఒకడు తలుపు వెయ్యబోయాడు, ఉబ్బిన తలుపు ఎంత తోసినా పడలేదు. వాడు దాంతో కుస్తీ పడుతుండగానే నిర్మలమ్మ గడప దాటి గదిలోకి వచ్చింది. మగవాళ్ళు తీర్పుకు కూర్చున్న చోట ఆమె అంతకుముందు నోరు విప్పగా ఎవరూ వినలేదు.

"ఆ బాంబులు మనవి గాదని పోలీసోళ్ళకు రాసిచ్చినారు గదా," అంది మొగుడితో. "మనవి గాని బాంబులు తడిస్తే ఈయప్పను కొట్టేదేంది? రేపు ఈ మనిషి కనపడకుంటే, ఎందుకు కనపడలేదని అడుగుతారు. అప్పుడు ఏమని రాసిస్తారు?"

రెడ్డి ఆలోచనలో పడ్డాడు. లేని బాంబుల కోసం ఉన్న మనిషిని శిక్షించడం ఎట్లాగో ఆయనకు తట్టలేదు. అక్కడున్న ఇరవై మందికీ తట్టలేదు. ఆమె ఇంకో మాట కూడా అడిగింది, మోటారు చెడిపోతే రేపు ఎవరు బాగుచేస్తారని. రెడ్డి చెయ్యి తనకు తెలియకుండానే ముక్కు మీదికి పోయింది. మొదటి ప్రశ్న కన్నా ఈ ప్రశ్న ఆయనకు బాగా అర్థమైనట్టుంది. ఉప్పు గురించి తెలియని గొర్లోడివి మాకు చెప్పొచ్చావా అని నాలుగు తిట్లు తిట్టి, కాఫీ ఇచ్చి పంపమన్నాడు. ఆ కాఫీ నేనే రెండు గ్లాసులూ తాగాను. ఆదెన్న తన గ్లాసు నా వైపు తోశాడు.

మేము వాకిలి దాటుతుంటే నిర్మలమ్మ వెనకే వచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, తక్కువ గొంతుతో చెప్పింది.

"దినామూ తెల్లారే మారుస్తాంటి అప్పా. పదకొండేండ్ల దాకా నా చేత్తో అన్నం తిన్న పిల్లోడు వాడు, మా తమ్ముని కొడుకు. ఈ తూరి వాణ్ణే అనుకున్నారని తెలిసి, ఇంగేం చేసేది? నీ మీదికి వస్తాదని తెలిసి గూడా చేసినా. తప్పే."

ఆదెన్న చేతులు జోడించి జీపు వైపు నడిచాడు. నాకు మాత్రం శానా సిగ్గేసింది. అన్నేళ్ళుగా ఆ ఇంటి గోడల మీద వర్ధిల్లాలి, జిందాబాద్ అని నా చేతులు పడిపోయేలా రాశాను. గోడ లోపల ఒక మనిషి తొమ్మిదేళ్ళుగా ఏం మింగుకొని బతుకుతోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆమె మీద నాకు కోపం రావాలి, నా స్నేహితుణ్ణి చావు అంచుదాకా పంపింది కాబట్టి. కానీ రాలేదు.

ఇంటికొచ్చాక పోలమ్మ ఆదెన్న చెయ్యి తన తల మీద పెట్టించుకొని ఒట్టు వేయించుకుంది. ఇకమీదట కిటికీ లేని ఇంటికి పోకూడదు, ఎంతటివాడు పిలిచినా సరే. ఆదెన్నకు ఒట్టు చాల్లేదు. నా దగ్గరికి వచ్చి, కిటికీ లేని ఇండ్లకు కూలర్ ఇవ్వబడదు అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించుకున్నాడు. ఎర్ర రంగుతో రాశాను. జనం చదివి నవ్వుకునేవాళ్ళు. ఆదెన్న మాత్రం దాని కింద కూర్చొని ధైర్యంగా పని చేసుకునేవాడు. ఆ ఏడాది అతను నిజంగా భయపడ్డాడు. జీపు చప్పుడు వినబడితే చేతిలో కత్తెర జారిపోయేది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, దాంతోపాటు మళ్ళీ ఎన్నికలు. మార్చి చివర్లో ఒకరోజు బంగారు అంగళ్ళ వైపు నుంచి ఒకామె నడుచుకుంటూ వచ్చి ఆదెన్న షెడ్డు ముందు ఆగింది. చేతిలో నగల అంగడి సంచీ. కారు అంగడి దగ్గరే వదిలి వచ్చినట్టుంది. వనజమ్మ అని చెప్పింది. బాలతిమ్మారెడ్డి భార్య. పేలని బాంబుల ముందు కూర్చున్న ఆ పిల్లోడి తల్లి. నేను కుంచె పక్కన పెట్టాను. ఆదెన్న లేచి నిలబడ్డాడు.

ఇంట్లో నడిమి గది ఎండి మంటలాగా ఉందని, ఒక కూలర్ కావాలని ఆమె అడిగింది. కిటికీ ఉందా అని ఆదెన్న అడిగాడు. లేదంది, ఉన్నవన్నీ మూసేశారంది. ఆదెన్న తల మీది బోర్డు చూపించాడు.

"చదివినా," అంది వనజమ్మ. "చదివే వచ్చినా. అటక గూడా ఆ గదిలోనే ఉండాది అప్పా. ఉప్పు నేను చూసుకుంటా."

ఉప్పు గుట్టు ఆ అరమైలు ఎట్లా దాటిందో ఆదెన్న అడగలేదు. అతను పోలమ్మ వైపు చూశాడు. ఆమె కింద కూర్చొని తడికలకు గడ్డి పరుస్తోంది. ఒట్టు వేయించుకున్న మనిషి ఆమే. ఈసారి జీపు వస్తే, కాపాడడానికి ఎవరుంటారో ఎవరికీ తెలియదు. ఆమె గడ్డి పరుస్తూనే, మీవాళ్ళు ఈసారి అటక మీద ఎవరి కోసం దాచిపెట్టారని అడిగింది.

"మా వదిన కొడుకు కోసరం," అంది వనజమ్మ. "నిర్మలమ్మ వదిన కొడుకు. ఇరవై రెండేండ్లు వానికి."

పోలమ్మ గడ్డి దులుపుకొని లేచింది. నాకు భయంగా ఉందమ్మా అని వనజమ్మ ముఖం మీదే చెప్పింది. తర్వాత మొగుడితో, తయారుగా ఉన్నదాన్ని ఈ పొద్దే పెట్టిరమ్మంది. నాతో ఆ బోర్డు దించమంది. స్టూలు ఎక్కి దాన్ని ఊడదీశాను.

ఆ ఎండాకాలం ఆదెన్న జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా పద్నాలుగు పెద్ద ఇళ్ళల్లో కూలర్లు పెట్టాడు. అన్నీ ఆడవాళ్ళు నడుచుకుంటూ వచ్చి అడిగినవే. ఒక్క ఇంట్లో కూడా అతను కిటికీ యాడుందని అడగలేదు.